రెండో సూది

ఎర్రగుంటపల్లికి కరోనా టీకా వచ్చేనాటికి ప్రశాంతి సర్పంచి అయి నెల కూడా దాటలేదు. ఆ పదవి ఆమె కోరుకున్నది కాదు. సీటు ఆడవాళ్ళకు రావడంతో భర్త పెదనాయన బయ్యన్న ఆమెను నిలబెట్టాడు, గెలిపించాడు. గెలిచిన సాయంత్రమే "నువ్వు సంతకం పెడ్తా ఉండు, తక్కింది నేను చూసుకుంటా" అని తేల్చి చెప్పాడు. సర్పంచి అంటే బయ్యన్నేనని ఊరనుకునేది. ప్రశాంతి కూడా అలాగే అనుకునేది.

టీకా వచ్చిన రోజు బయ్యన్న ఊళ్ళో లేడు, పుట్టపర్తిలో ఏదో పెళ్ళికి పోయాడు. గ్రామ సచివాలయంలో నర్సు అంజలి టీకా సీసాల నీలం డబ్బా ముందు పెట్టుకుని పొద్దున్నుంచీ కూర్చుంది. ఒక్కరూ గడప తొక్కలేదు. సూది వేయించుకుంటే కాళ్ళు పడిపోతాయని ఎవరో అన్నారు, పక్క మండలంలో ఒకాయన పోయినాడని ఇంకెవరో అన్నారు. ముసలివాళ్ళందరూ పొలాల్లోకి జారుకున్నారు. ప్రశాంతి అత్త నారాయణమ్మ అయితే జారుకోకుండా అరుగు మీదే కూర్చుని, "నాకేం రోగమని సూది? రానప్పా" అని కోడలి మొహం మీదే చెప్పింది.

"ఏం చేద్దాం మేడం?" అంది అంజలి. "సీసా తెరిస్తే నాలుగు గంటల్లో అయిపోవల్ల. మిగిలింది పారెయ్యడమే. తెరవకుండా తీసుకపోతే, మీ ఊర్లో మనుషులే లేరా అని మండలంలో అడుగుతారు."

సర్పంచిగా తన మొదటి పని ఇలా నవ్వులపాలవుతుందని ప్రశాంతికి దిగులు పట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, తమ టమాటా తోటలో ఆ రోజు హట్టి ఆడవాళ్ళు కాయ కోస్తున్నారని.

హట్టి అనేది వంకకు అవతలి ఊరు. ఆ వంకలో నీళ్ళు పారి ఎన్నేళ్ళయిందో చెప్పేవాళ్ళు లేరు. ఇసుక దాటితే చాలు, హట్టి. కానీ వంక అవతల కర్ణాటక. వాళ్ళ ఓటు అక్కడ, బియ్యం అక్కడ. కూలి, అంగడి, జ్వరమొస్తే మాత్ర, అన్నీ మాత్రం ఇక్కడే. వాళ్ళ తాలూకా ఊరికి పోవాలంటే రెండు బస్సులు మారాలి. ఎర్రగుంటపల్లికైతే కొంగు నడుముకు చుట్టుకుని నడిచి వచ్చేస్తారు.

ఆ గుంపుకు పెద్ద హనుమక్క. అరవై దాటిన మనిషి, ఎండకు కమిలిన కట్టె లాంటి ఒళ్ళు. ప్రశాంతి చెప్పింది విని, చేతిలో కాయలు గంపలో వేసి, "మాకేల సూది తల్లీ? మేము బాగుండాం కదా" అంది.

"సూది సంగతి కాదు హనుమక్కా. నేను సర్పంచినై ఇదే మొదలు. ఒక్కరూ రాకపోతే నా మాట పోతుంది. నా కోసం రండి."

 హనుమక్క వెనక్కి తిరిగి, "లేయండి. పోదాం" అంది తక్కినవాళ్ళతో. మారెక్క అనే ఆవిడ గొణిగింది గానీ, ఆమె కూడా చేతులు కడుక్కుని కదిలింది. వయసు మీరినవాళ్ళందరూ వరుసగా వచ్చి రవిక చెయ్యి భుజం దాకా జరిపి సూది వేయించుకున్నారు. తర్వాత మళ్ళీ తోటకు పోయి సాయంత్రం దాకా కాయ కోశారు. మర్నాడు మండలంలో ఎర్రగుంటపల్లి పేరు చెప్పి మెచ్చుకున్నారు. బయ్యన్న పెళ్ళి నుంచి వచ్చి, "మంచి పనే చేసినావే" అన్నాడు. కోడలిని ఆయన మెచ్చుకోవడం అదే మొదటిసారి.

ఆ వారంలోనే ప్రశాంతి తమ్ముడు కిరణ్ వీడియో కాల్ చేశాడు. సోమందేపల్లె దగ్గర వాళ్ళ పుట్టింటి చుట్టూ బోర్లు వేసి వేసి నేల జల్లెడైపోయాక, కిరణ్ ఒక తమిళ కంపెనీ రిగ్గుతో పాటు ఆఫ్రికాలోని ఉగాండాకు పోయాడు. లిరా అనే ఊరి చుట్టుపక్కల బోర్లు వేస్తాడు. అక్కడ అరవై, డెబ్బై అడుగులకే నీళ్ళు పడతాయని చెప్పినప్పుడు ఇక్కడ ఎవరూ నమ్మలేదు.

"అక్కా, నేను సూది ఏసుకున్న్యా" అన్నాడు నవ్వుతూ. "ఈడ ఆసుపత్రికి బోరు ఏసినాం కదా, ఆడ అకెల్లో అని నర్సమ్మ ఉండాది. మీ తిక్కే ఈడా. ఎవరూ రాలేదంట. సీసాలో మిగిలిండాది, నువ్వు రాప్పా అని పిలిచింది. సీసా మీద చూస్తే మన పుణె. నాకి ఎంత సంబరమైందో. ఇది మా దేశం మందే అని అందరికీ చూపిచ్చినా."

ఫోను పక్కనున్న నర్సు కూడా తెర మీదికి వచ్చి చెయ్యి ఊపింది. గుండ్రటి మొహం, పెద్ద నవ్వు. ఇంగ్లీషులో ఏదో అంది. "మీ దేశానికి దండాలు అంటాండాది" అని కిరణ్ చెప్పాడు.

ఉగాది పోయిన రెండు వారాలకు అంతా తల్లకిందులైంది. పిండిమిల్లు రంగన్న మూడు రోజుల జ్వరంతో పోయాడు. శవాన్ని ఊళ్ళోకి తేనివ్వలేదు. ఆ తర్వాత బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళ ఇంట్లో ఇద్దరు. కాళ్ళు పడిపోతాయన్నవాళ్ళే ఇప్పుడు తెల్లారకముందే సచివాలయం ముందు చెప్పులు పెట్టి వరుస పట్టసాగారు. అయితే ఇప్పుడు మనుషులున్నారు, మందు లేదు. అంజలి ఖాళీ చేతులతో వచ్చి ఖాళీ చేతులతో పోయేది.

టీవీలో రోజూ ఇదే గొడవ. అమెరికా ముడిసరుకు బయటికి పోనివ్వడం లేదంట, ఐరోపావాళ్ళు తమ దగ్గర తయారైంది తమకేనన్నారంట, మన దేశం ముందు డెబ్బై, ఎనభై దేశాలకు పంపి ఇప్పుడు ఆపేసిందంట. హోటలు దగ్గర మనుషులు దూరం దూరంగా నిలబడి ఇవే మాటలు. "తనకు మాలిన ధర్మం ఉండాదా ఏమప్పా? మన పిల్లోళ్ళు ఊపిరాడక పోతాంటే బయటోళ్ళకి పంచిరి" అనేవాడు బయ్యన్న. కాదనేవాళ్ళు ఎవరూ లేరు. ప్రశాంతికి కూడా ఆ మాట సబబుగానే తోచింది. రంగన్న పెళ్ళాం జయంతి వాకిట్లో ఒక్కతే కూర్చుని ఉండడం ఆమె రోజూ చూస్తోంది.

మే నెల మొదట్లో కిరణ్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో ఆ సంబరం లేదు.

"అక్కా, మనోళ్ళు సూది మందు పంపడం ఆపేసినారంట నిజమా?"

"నిజమే. మనకే లేదు కదరా. ఈడ రోజూ ఎవరో ఒకరు పోతాండారు. ముందు మనం బతకల్ల కదా."



"ఆపద్దని నేననలేదుక్కా. టీవీలో చూస్తాండా, ఆ కాలే కట్టెలు చూస్తే నాకీ అన్నం పోవడంల్యా. అయితే అకెల్లోది కూడా ఒకటే అయింది, రెండోది రావల్ల. ఆసుపత్రిలో అందరిదీ అంతే. నేను బోరు దగ్గరికి పోతాంటే పిలిచి అడుగుతాది, మీవాళ్ళు ఎప్పుడు పంపుతారు కిరణ్ అని. కోపంగా కాదు, ఊరికే అడుగుతాది. ఆ యమ్మకి తెలిసిన ఇండియావోడ్ని నేనొక్కడినే. ఏం చెప్పల్ల?"

"లేదని చెప్పు."

"ఆ మాటైనా ఎవరో ఒకరు చెప్పల్ల కదా. ఇస్తామనేటప్పుడు ఫోటోలు తీసుకున్యారు. ఇంగ లేదనేటప్పుడు ఎవరూ రాలేదంట. ఆ యమ్మకి అదే తెలీడంల్యా."

 ఫోను పెట్టేశాక ప్రశాంతికి తమ్ముడి మీద విసుగొచ్చింది. ఎక్కడో ఉండి సులువుగా మాట్లాడుతున్నాడనుకుంది.

రెండు రోజులకు అంజలి కబురు చెప్పింది. ఊరికి రెండు సీసాలు వస్తున్నాయి, అంటే ఇరవై మందికి. మొదటిది వేసుకున్నవాళ్ళకు రెండోది ముందు వేయాలి, మిగిలితేనే కొత్తవాళ్ళకు. ఇది పైనుంచి వచ్చిన మాట.

"మన ఊర్లో మొదటిది ఏసుకున్నోళ్ళు ఎవరుండారే?" అన్నాడు బయ్యన్న. "అంతా హట్టోళ్ళు. వాళ్ళు రాకపోతే మొత్తం మనకే."

ఆ సాయంత్రమే వంక దాటే బాటకు అడ్డంగా సర్కారు తుమ్మ కంప కొట్టించి వేయించాడు. పెద్ద రోడ్డు మీద అప్పటికే రెండు రాష్ట్రాల పోలీసులు దారి మూసి ఉన్నారు. బాట కూడా మూసుకుపోయింది. రోగం రాకుండా వేశామని ఊళ్ళో చెప్పారు. అందులో అబద్ధమేమీ లేదు. నిజమంతా కూడా లేదు.

ఆ రాత్రి ప్రశాంతి భర్త హర్షతో ఈ సంగతి కదిపింది. అతను మంచివాడే. కానీ బయ్యన్న మాటకు ఎదురు చెప్పి ఎరగడు. "అమ్మకి కూడా పడల్ల కదా. అమ్మకి షుగరు ఉండాది. ఈసారి ఊరుకో" అన్నాడు. ప్రశాంతి ఊరుకుందామనే అనుకుంది. కానీ తమ్ముడన్న ఒక్క మాట లోపల ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. సరే, ఇవ్వలేమని అయినా తానే పోయి చెప్పాలి, అది చేతనవును కదా అనుకుంది.

మర్నాడు ఎండ ఎక్కకముందే వంక దగ్గరికి పోయింది. కంపకు అవతల హనుమక్క మేకలకు రొట్ట విరుస్తూ కనిపించింది. ప్రశాంతి పిలిచింది. ఇద్దరూ కంపకు చెరో పక్క నిలబడ్డారు.

"హనుమక్కా, రేపు సూదులు వస్తాండాయి. ఇరవై మందికే. మా ఊర్లో ముసలోళ్ళు శానామంది ఉండారు. ఈసారికి మీరు..." అని ఆగిపోయింది. 

"రావద్దంటావు" అంది హనుమక్క.

ప్రశాంతి తల వంచుకుంది.

"రాంలే. కంప ఏసినప్పుడే అర్థమైంది మాకు. అయితే ఒకటి చెప్తా విను. ఆ పొద్దు మేము సూది కోసం రాలేదమ్మా. మాకు అది ఏందో కూడా తెలీదు. నీ మాట పోతాదంటే వచ్చినాం. మారెక్కకి రెండు దినాలు జొరమొచ్చి కూలి పోయింది, నిన్నొక మాటన్లేదు. ఆ పొద్దు మేము కావల్సి ఉంటిమి, ఇప్పుడు వద్దు. అంతే కదా."

ఆమె గొంతు పెంచలేదు. విరిచిన రొట్ట తీసుకుని మేకల వైపు పోయింది.  లేదని ఎదురుగా చెబితే బరువు దిగుతుందనుకుని వచ్చింది ప్రశాంతి. చెప్పాక తెలిసింది, అది చెప్పదగిన మాట కాదని. వేరేవాళ్ళకు ఇవ్వాల్సింది ఇవ్వకపోవడం ఒకటి. సగం ఇచ్చి, ఆ సగంతో మెప్పు పొంది, తక్కిన సగం ఎగ్గొట్టడం ఇంకొకటి.

మర్నాడు పొద్దున ఆమె ఎవరికీ చెప్పకుండా పాత గొడ్డలీ, పంగలకర్రా తీసుకుని వంక దగ్గరికి పోయింది. కంప ఒక్కతే లాగడం అనుకున్నంత సులువు కాదు. ముళ్ళు చేతుల్లో దిగాయి, చీర చిరిగింది. మనిషి పట్టేంత దారి చేసి, ఇసుక దాటి, హట్టి మొదటి ఇంటి ముందు నిలబడి హనుమక్కను పిలిచింది. "మీవి మీకు ఉండాయి. రాండి" అంది. హనుమక్క ఆమె చేతులు చూసి, వెనక్కి తిరిగి తక్కినవాళ్ళను కేకేసింది.

వాళ్ళు సచివాలయం ముందుకు వచ్చేసరికి అక్కడ ఊరంతా ఉంది. బయ్యన్న మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"ఏం పని ఇది?" అన్నాడు మెల్లగా.

"రెండోది ముందు వేయమన్నారు మామా. వీళ్ళకి మొదటిది ఈడనే పడింది."

"వాళ్ళ రాష్ట్రం లేదా వాళ్ళకి? ఆడ ఏపిచ్చుకోమను."

"నేనే పిలిచి ఏపిచ్చినా. మండలంలో మన పేరు చెప్పినప్పుడు వీళ్ళది ఏ రాష్ట్రమని ఎవరూ అడగలేదు. మీరూ అడగలేదు."

గుంపులోంచి ఎవరో "మా అమ్మ చస్తే నువ్వొస్తావా?" అన్నారు. ప్రశాంతి అటు తిరిగింది.  మెట్ల ముందు నుంచి మాత్రం కదల్లేదు. అంజలి తల ఎత్తకుండానే, "రూలు కూడా అంతేనన్నా" అని బయ్యన్నతో అని, హనుమక్కను కుర్చీలో కూర్చోమంది.

హట్టివాళ్ళకు పోను మిగిలినవి వరుసలో ముందున్న కొద్దిమందికే వచ్చాయి. వాళ్ళలో ఆఖరున జయంతి ఉంది, చీకటితోనే వచ్చి నిలబడిన మనిషి. ఆమె వెనకే నారాయణమ్మ. కొత్త చీర కట్టుకుని, బయ్యన్న వేయించిన కుర్చీలో కూర్చుని ఉంది. బయ్యన్న కోడలి దగ్గరికి వచ్చి, "మీ అత్తకన్నా చూడు. ఆ జయంతి ఇంకోసారి ఏసుకుంటాది. కాదంటే మీ అత్తకి నువ్వే చెప్పు" అన్నాడు.

ప్రశాంతి అత్త ముందు వంగింది. "అత్తా, ఈసారికి కాలేదు. ఇంటికి పోదాం" అంది.

నారాయణమ్మ కోడలి వైపు చూసింది. కుర్చీ చేతులు పట్టుకుని లేచి, ఎవరి సాయమూ తీసుకోకుండా ఇంటికి నడిచింది.

తొమ్మిదో రోజుకు ఆమెకు జ్వరం వచ్చింది.

ఆ తర్వాతి రోజులు ప్రశాంతికి విడివిడిగా గుర్తులేవు. ఊపిరి అందకపోవడం, అనంతపురంలో ఆసుపత్రులన్నీ నిండిపోయి ఉండడం, కారులో వెనక సీట్లో అత్త తల తన ఒడిలో ఉండడం మాత్రం గుర్తు. హర్ష అవసరమైన మాటలు తప్ప ఆడలేదు. ఒక్కసారి ఆసుపత్రి గోడ దగ్గర, "నేను ఊరుకోమన్న్యా కదా" అన్నాడు. అంతకుమించి అని ఉంటే ఆమెకు తేలికగా ఉండేది. మంచం దొరికింది బయ్యన్న వల్ల. తనకు తెలిసిన నాయకులందరికీ ఫోన్లు చేసి, వాళ్ళలో ఒకరి ఇంటి ముందు సగం రోజు నిలబడి సంపాదించాడు.

ఆక్సిజన్ పెట్టాక బయట చింతచెట్టు కింద ఆయన ప్రశాంతి పక్కన కూర్చున్నాడు. మాస్కు కిందికి లాగి మొహం తుడుచుకున్నాడు.

"నిన్ను తిట్టల్లనే వచ్చినా" అన్నాడు. "ఆ పొద్దు ఏసుకునింటే మాత్రం తొమ్మిది దినాల్లో ఏం పని చేస్తాది అని డాక్టరు అన్న్యాడు. చేసిండునేమో అని కూడా అన్న్యాడు. ఇంగ నిన్నేమని తిట్టేది? ఆ మంచం కూడా ఎవరిదో ఒకరిది లాక్కున్నట్లే, తెలుసా? మనకంటే ముందు ఒక ముసలాయన బయట ఆటోలో ఉన్న్యాడు."



నారాయణమ్మ బతికింది. జూన్‌లో ఇంటికి వచ్చేసరికి సగం మనిషైంది. పది అడుగులేస్తే కూర్చునేది. మంచం వాకిట్లో వేపచెట్టు నీడన వేశారు. ఊళ్ళో సూదులు ఇప్పుడు కొంచెం కొంచెంగా వస్తున్నాయి. తొలివాన పడి జనం వేరుశనగ విత్తనానికి తిరుగుతున్నారు. హట్టి ఆడవాళ్ళు మళ్ళీ పనికి వస్తున్నారు. కంప మొత్తం ఎవరు తీసేశారో, ఎవరూ చెప్పుకోలేదు.

ఆ నెలాఖరున ఒక సాయంత్రం కిరణ్ ఫోన్ వచ్చింది. అకెల్లో చనిపోయింది. లిరాలో కరోనా ఇప్పుడు ముదిరింది. తను పనిచేసే ఆసుపత్రిలోనే, తను పరిచిన మంచం మీదే ఆమె పోయిందట. రెండో సూది అందలేదు. ఇంకే దేశమో పంపినవి కొన్ని రాజధానికి వచ్చాయని చెప్పుకుంటున్నారు, లిరా దాకా ఇంకా రాలేదు.

ప్రశాంతి ఫోను పెట్టెయ్యకుండానే అత్త మంచం పక్కన కూర్చుంది. "మనకే లేదు కదరా" అని తాను అన్న మాట తప్పని ఇప్పుడూ అనుకోలేదు. జయంతి వాకిలి కళ్ళ ముందే ఉంది. కానీ తెర మీద చెయ్యి ఊపిన ఆ మనిషి మొహం ముందు ఆ మాట పెట్టి చూస్తే నిలబడడం లేదు.

"ఎవరే పోయింది?" అంది మంచం మీది నుంచి నారాయణమ్మ.

ప్రశాంతి చెప్పింది. బోరు, నర్సు, పుణె సీసా, ఆగిపోయిన మందు, అన్నీ. ముసలావిడ కళ్ళు మూసుకుని విన్నది. నిద్రపోయిందేమో అనుకున్నాక నోరు తెరిచింది.

"నన్ను ఆ కుర్చీలోంచి లేపితివే, ఆ కోపం నాకింకా ఉండాది. పోదు. దాన్ని ఉండనీ. అయితే ఆ సూదులు హనుమక్కోళ్ళవే. అది నాకు ఆ పొద్దే తెలుసు." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ఆ ఫోను ఈడ ఇయ్యి."

ప్రశాంతి ఇచ్చింది.

"ఏమప్పా కిరణూ, ఆ యమ్మ ఇంటికి పోయినావా?"

"పోయినా అత్తా. నిన్న పోయినా. పోనీకి మొహం లేకపోయింది, అయినా పోయినా."

"ఎవరుండారు ఇంట్లో?"

"వాళ్ళమ్మ ఉండాది. ఒక పాప."

"ఏమన్న్యారు నిన్ను?"

 అవతల ఎక్కడో కోళ్ళు అరుస్తున్నాయి.

"ఏం అనలేదత్తా. కూర్చోబెట్టి అన్నం పెట్టినారు. నీ రెండో సూది వచ్చిందా నాయనా అని వాళ్ళమ్మ అడిగింది."